తలుపు సామాను కొనే ముందు ఇంట్లోవాళ్ల చేతులు చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చండూరులో కొత్త ఇల్లు కడుతున్నారు. ప్లాస్టరింగ్ అయింది, దర్వాజలు (తలుపు చట్రాలు) నిలబెట్టారు. ముఖద్వారం టేకుది, ఏడు అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. మూడు బెడ్‌రూములకు ఫ్లష్ డోర్లు, వాటి దర్వాజలు మీ పొలంలో కొట్టించిన వేపవి. రెండు బాత్‌రూములకు డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) తలుపులు, పూజగదికి చిన్న రెండు రెక్కల తలుపు. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, శని ఆదివారాలు వస్తారు. రోజూ ఇంట్లో ఉండేది అమ్మానాన్న, సెలవులకు మీ ఇద్దరు పిల్లలు. బందుల (తలుపు తిరిగే కీళ్ల) నుంచి తాళాల దాకా అన్నిటికీ కలిపి 30 వేలు అనుకున్నారు. షోరూంలో బంగారు రంగు హ్యాండిళ్లు, నల్ల హ్యాండిళ్లు, వేలిముద్ర తాళం అన్నీ చూపించేసరికి టెన్షన్ మొదలైంది, ఏది తీసుకోవాలి అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: "అమ్మకు వేళ్లు సరిగ్గా ముడుచుకోవు." నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

నేను నల్లగొండలో 27 ఏళ్లుగా వడ్ల పని, అంటే వడ్రంగి పని చేస్తున్నాను. మా నాయన నాగండ్లు, ఎడ్లబండి గిర్రలు చేసేవాడు. నా కాలానికి అవి పోయి దర్వాజలు, తలుపులు మిగిలాయి. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి ఊళ్లలో చాలా ఇళ్లకు నేనే తలుపులు బిగించాను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన వైపు చాలా బోర్లలో అంతకంటే ఎక్కువే ఉండేది. మన పెద్దలు ఆ నీళ్లే తాగి బతికారు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి గానీ, అప్పటికే బిగుసుకున్న కీళ్లు మళ్లీ వదులు కావు. కొందరికి వెన్ను వంగదు, కొందరికి భుజం పైకి లేవదు, కొందరికి పిడికిలి పూర్తిగా పడదు. అట్లాంటి ఒక ఇంట్లో నేను గుండ్రటి నాబ్ తాళం బిగించి వచ్చాను. అందంగా ఉందని ఇంటివాళ్లు అడిగారు, నేను పెట్టేశాను. ఏడాది తర్వాత కప్‌బోర్డు పనికి వెళ్తే ఆ ఇంటి పెద్దమ్మ రెండు అరచేతుల మధ్య నాబ్‌ను ఇరికించుకుని తిప్పుతోంది. నాకు నోట మాట రాలేదు. ఆ పూటే దాన్ని విప్పి, కిందికి నొక్కితే తెరుచుకునే హ్యాండిల్ తెచ్చి పెట్టాను. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు కొలత టేపు తీయను. ఈ తలుపు రోజూ తీసేది ఎవరు, వాళ్ల చేతులు ఎట్లా ఉన్నాయి అని అడుగుతాను.

మీ ఇంట్లో ఏ తలుపుకూ గుండ్రటి నాబ్ వద్దు. అన్నిటికీ కిందికి నొక్కే లివర్ హ్యాండిల్ తీసుకోండి. దానికి పిడికిలి అక్కర్లేదు. మోచేయి వేసినా, బిందె పట్టుకున్న చేతి మణికట్టుతో నొక్కినా తెరుచుకుంటుంది. హ్యాండిల్ కొస తలుపు వైపు లోపలికి వంగి ఉండాలి. సూటిగా బయటికి పొడుచుకుని ఉంటే చీర కొంగు, లాల్చీ జేబు తగులుకుంటాయి, పరుగెత్తే పిల్లల కంటికి కూడా సరిగ్గా ఆ ఎత్తే వస్తుంది. దుకాణంలో ప్రతి హ్యాండిల్‌నూ చిటికెన వేలితో నొక్కి చూడండి. చిటికెన వేలికి దిగకపోతే అమ్మ చేతికి బరువు. వదిలితే తిరిగి సమంగా పైకి రావాలి, సగంలో వాలిపోయే స్ప్రింగు ఏడాది కూడా ఆగదు. పట్టు గుండ్రంగా, కాస్త లావుగా ఉన్నది మంచిది. పదునైన అంచులతో పలుచగా ఉన్న రకం ఫొటోల్లో బాగుంటుంది, నొప్పి ఉన్న వేళ్లకు మాత్రం కోసుకున్నట్టు ఉంటుంది.

దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ ఇంటి పాత తలుపు నాకు ఇంకా కళ్ల ముందు ఉంది. దానికి ఇనుప బందులు లేవు. తలుపు చెక్కకే కింద, పైన మొలలు వదిలి, కడపలో (గుమ్మం కింది చెక్కలో), పై కమ్మెలో గుంటలు తొలిచి తిరిగేటట్టు చేశారు. గొళ్లెం అంటే వేలు లావున్న గొలుసు, కొస కొండికి తగిలించేది. మొత్తం చేత్తో పట్టుకుని లాగడమే, వేళ్ల కొసలతో చేసే పని ఏమీ లేదు. ఇప్పటి సామానులో చిన్న చిన్న పిడులు, చిటికెతో జరిపే గడియలు ఎక్కువయ్యాయి. మంచి కీళ్లు ఉన్నవాళ్లకు తేడా తెలియదు. ముసలివాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఆ కారణంగానే బెడ్‌రూం గడియ ఎత్తు గురించి చెప్పాలి. టవర్ బోల్టును, అంటే కడ్డీ జరిపి వేసే గడియను, తలుపు పైకొసకు పెట్టడం మా వాళ్లకు అలవాటు. పిల్లలకు అందదని ఇంటివాళ్లు కూడా సరే అంటారు. మీ నాన్నకు భుజం లేవకపోతే రాత్రి గడియ పెట్టుకోలేరు, పెట్టుకుంటే తీయలేరు. అమ్మానాన్న గదిలో పై గడియ వద్దే వద్దు. నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో, హ్యాండిల్‌కు కొంచెం పైన, బొటనవేలంత పిడి ఉన్న గడియ ఒకటి చాలు. హ్యాండిల్ మూడు నుంచి మూడుంబావు అడుగుల మధ్య రావాలి. టైల్స్ వేశాక ఉండే ఎత్తు నుంచి కొలవాలని మీ వడ్లాయనకు చెప్పండి. ఇప్పుడున్న కాంక్రీటు మీద నుంచి కొలిస్తే రెండు, మూడు ఇంచులు తేడా పడుతుంది.

బాత్‌రూం గురించి రాయడానికి నాకు సొంత అనుభవం ఉంది. మూడేళ్ల కింద మా అమ్మ బాత్‌రూంలో జారి పడింది. లోపల టవర్ బోల్టు పెట్టుకుంది. లేచి తీసే ఓపిక లేదు, బయటి నుంచి తీసే దారి లేదు. నేను ఇంట్లోనే ఉన్నాను గాబట్టి ఉలి, సుత్తె తెచ్చి బందులు పగలగొట్టి తలుపు తీశాను, అయినా పావుగంట పట్టింది. ఆ పావుగంట లోపలి నుంచి వినిపించిన మూలుగు మరిచిపోలేను. ఎన్నో ఇళ్లకు తలుపులు చేసినవాడిని, మా ఇంట్లోనే ఆలోచించలేదు. అందుకే మీ రెండు బాత్‌రూములకు టవర్ బోల్టులు కొనకండి. బాత్‌రూం తాళం అని విడిగా దొరుకుతుంది. లోపల తిప్పే చెవి (చిన్న పిడి) ఉంటుంది, బయట చిన్న గాడి ఉంటుంది, దాంట్లో రూపాయి బిళ్ల గానీ స్క్రూడ్రైవర్ గానీ పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. లోపలి చెవి కూడా కాస్త పొడవుగా, రెండు వేళ్లతో నెట్టేటట్టు ఉన్నది చూడండి. సెలవులకు వచ్చిన పిల్లలు లోపల గడియ వేసుకుని ఏడ్చినా ఇదే కాపాడుతుంది. ఇంకో పని కూడా చేయొచ్చు. స్థలం ఉంటే అమ్మానాన్న వాడే బాత్‌రూం తలుపు బయటికి తెరుచుకునేటట్టు పెట్టించండి. మనిషి తలుపుకు అడ్డంగా పడి ఉంటే లోపలికి తోసే తలుపు తాళం తీసినా తెరుచుకోదు. దర్వాజ గాడి ఏ వైపు ఉందో చూసుకోవాలి, ఇప్పుడైతే మార్చడం సులువు.

అదే బాత్‌రూంలో బందులు, స్క్రూలు మంచి స్టీలువి ఉండాలి. మన బోరు నీళ్లకు ఉప్పు ఎక్కువ, నల్లాల మీద తెల్లగా పేరుకునేది మీరు చూసే ఉంటారు. దానికి తోడు యాసిడ్‌తో కడుగుతాం. ఆ యాసిడ్ పొగ తగిలితే మంచి స్టీలు మీద కూడా మచ్చలు పడతాయి, తక్కువ రకం అయితే తుప్పు పొక్కులు వస్తాయి. దుకాణంలో 304 అని, 202 అని రెండు రకాల స్టీలు చెప్తారు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, ధర తగ్గుతుంది, తుప్పును ఆపే గుణమూ తగ్గుతుంది. కొందరు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, 304" అంటారు. ఆ పరీక్ష నమ్మకండి, 202 కూడా మామూలుగా అంటుకోదు. స్టీలు వ్యాపారుల దగ్గర చిన్న సీసాలో టెస్టింగ్ లిక్విడ్ ఉంటుంది, చుక్క వేసి రంగు చూసి చెప్తారు. అది లేకపోతే సరుకు మీదనే 304 అని గుద్దిన కంపెనీ సామాను తీసుకుని, బిల్లు మీద కూడా 304 అని రాయించుకోండి. బాత్‌రూములకు, ముఖద్వారానికి 304 తప్పనిసరి. లోపలి బెడ్‌రూములకు నీళ్లు తగలవు, అక్కడ 202 పెట్టి డబ్బు మిగుల్చుకున్నా నష్టం లేదు. కడిగాక తలుపు తెరిచి పెట్టి గాలి ఆడనివ్వమని అమ్మకు చెప్పండి.

ఇప్పుడు బందులు. షోరూంలో ఎవరూ వీటిని చూపించరు, హ్యాండిల్‌కు పెట్టే డబ్బులో పావు వంతు కూడా వీటికి పెట్టరు. తలుపు బరువంతా మోసేది మాత్రం ఇవే. మీ ముఖద్వారం లెక్క కడదాం. ఏడు అడుగులు, మూడున్నర అడుగులు, ఇంచున్నర మందం అంటే మూడు ఘనపుటడుగుల టేకు, సుమారు 55 కిలోలు. అంత బరువు ఒక పక్కనే పట్టి వేలాడుతుంది. కింది బందును దర్వాజ వైపు నొక్కుతుంది, పై బందును దర్వాజ నుంచి ఊడలాగుతుంది. రెండు బందుల మధ్య అయిదున్నర అడుగులు ఉంటే పై బందు మీద 17, 18 కిలోల లాగుడు రాత్రీపగలూ ఉంటుంది. తలుపు సగం తెరిచి పిల్లలు హ్యాండిల్ పట్టుకుని ఊగితే అది ఇంకా పెరుగుతుంది. నాలుగేళ్లకు తలుపు వాలి కడపకు రాసుకునే ఇళ్లలో తొంభై పాళ్లు పై బందు స్క్రూలు వదులై ఉంటాయి, నేను విప్పి చూసినవే.

అందుకని ముఖద్వారానికి అయిదు ఇంచుల బేరింగ్ బందులు నాలుగు. పైన ఏడెనిమిది ఇంచులు వదిలి ఒకటి, దాని కింద అడుగులోపే రెండోది, మధ్యలో ఒకటి, కింద పది ఇంచులు వదిలి ఒకటి. నాలుగూ సమాన దూరంలో ఉంటే చూపుకు బాగుంటుందని అంటారు. లాగుడు పైనే ఉంటుంది కాబట్టి పైన రెండు దగ్గరగా ఉండటమే మేలు. బెడ్‌రూములకు నాలుగు ఇంచులవి మూడేసి, బాత్‌రూములకు అట్లాగే మూడేసి. పూజగది రెక్కలకు చిన్న ఇత్తడి బందులు రెక్కకు మూడు. అన్నీ కలిపితే 25 అవుతాయి. చేతిలో పట్టుకుని రెండు రేకుల మధ్య ఊపి చూడండి. కొత్తదే గలగలమంటే వద్దు. రేకు మూడు మిల్లీమీటర్లకు తగ్గితే ముఖద్వారానికి వద్దు.

స్క్రూల దగ్గర మా వాళ్లు చేసే తప్పు ఒకటి ఉంది, మీరు పక్కనే ఉండి చూసుకోవాలి. పని తొందరలో స్క్రూను ముప్పావు వంతు సుత్తెతో కొట్టి, చివరి రెండు చుట్లు మాత్రం తిప్పుతారు. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది. లోపల మరలు చెక్కను పట్టుకోవు, చించుకుంటూ పోతాయి. స్క్రూకు ముందు సన్నని డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయాలి, మొత్తం తిప్పే బిగించాలి. దర్వాజలోకి రెండు ఇంచుల స్క్రూలు పోవాలి, బందుల డబ్బాలో వచ్చే ముప్పావు ఇంచువి దర్వాజ వైపు పనికిరావు. వేప కర్ర గట్టిది, రంధ్రం వేయకుండా తిప్పితే స్క్రూ తల తెగుతుంది. మరలకు కాస్త సబ్బు రాస్తే సాఫీగా దిగుతుంది. పూజగదికి ఇత్తడి స్క్రూలు అయితే ఇంకా మెత్తన. అదే సైజు స్టీలు స్క్రూతో ముందు దారి చేసి, దాన్ని తీసేసి ఇత్తడిది పెట్టాలి. డబ్ల్యూపీసీ తలుపులో కూడా రంధ్రం వేయాల్సిందే, మేకులు మాత్రం కొట్టనివ్వకండి. ఫ్లష్ డోర్ కొనేటప్పుడు తాళం కట్టె ఏ వైపు వేశారో అడగండి. కొన్నిట్లో ఒక అంచునే గట్టి కర్ర ఉంటుంది, తలుపు అంచు మీద గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూడకుండా తలుపు తిరగేసి బిగిస్తే తాళం మెత్తటి చోట కూర్చుంటుంది.

ఎండాకాలంలో బిగించిన వేప దర్వాజ, ఫ్లష్ డోర్ శ్రావణం వచ్చేసరికి ఉబ్బుతాయి. తలుపు చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదలమనండి. రంద పట్టి సరిచేశాక తలుపు పై అంచుకు, కింది అంచుకు కూడా రంగు గానీ వార్నిష్ గానీ వేయించండి. ఎవరికీ కనిపించవని అందరూ వదిలేసే అంచులు అవే. తేమ అక్కడి నుంచే లోపలికి పోతుంది. వానాకాలంలో తాళం పడట్లేదని నాకు వచ్చే ఫోన్లలో తాళం పాడైనవి తక్కువ, తలుపు ఉబ్బో వాలో తాళం నాలుక (తాళం వేస్తే బయటికి వచ్చే కడ్డీ) దర్వాజ రంధ్రానికి ఎదురుగా రాకపోవడమే ఎక్కువ.

ఇక ముఖద్వారం తాళం. బయట ఆల్‌డ్రాప్ (అడ్డంగా జరిపే పెద్ద గడియ) పెట్టి తాళం కప్ప వేయడం మన ఊళ్లలో పద్ధతి. దానితో ఒక ఇబ్బంది ఉంది. మీ అమ్మానాన్న యాదగిరిగుట్టకో, శ్రీశైలానికో వెళ్తే ఇంట్లో ఎవరూ లేరని ఆ కప్ప వీధంతటికీ చెప్తుంది. దొంగ కప్పను తీయడానికి కష్టపడడు, గడ్డపారతో ఆల్‌డ్రాప్‌నే పీకుతాడు. సంక్రాంతికి, దసరాకు ఊరెళ్లేటప్పుడు చెప్పి వెళ్లమని పోలీసులు ప్రతి ఏడాదీ మొత్తుకునేది ఈ తాళం వేసిన ఇళ్ల గురించే. తలుపు చెక్క లోపలే కూర్చునే మోర్టైస్ తాళం అయితే ఇంట్లో మనుషులు ఉన్నారా, లేరా అనేది బయటికి తెలియదు. మీకు అదే చెప్తాను. ఆల్‌డ్రాప్ కూడా కావాలని నాన్న పట్టుబడితే పెట్టండి, అది ఆయనకు ధైర్యం. అయితే స్క్రూలతో కాకుండా తలుపు గుండా బోల్టు దూర్చి, లోపలి వైపు నట్టు బిగించేటట్టు పెట్టించండి.

మోర్టైస్ తాళంలో నాలుక ఎంత బయటికి వస్తుందో చూడండి. తాళంచెవి రెండు చుట్లు తిప్పితే 20 మిల్లీమీటర్ల దాకా రావాలి. సిలిండర్‌లో, అంటే తాళంచెవి దూర్చే భాగంలో, ఒకవైపు తాళంచెవి, ఇంకోవైపు తిప్పే చెవి ఉన్న రకం తీసుకోండి. రెండు వైపులా తాళంచెవి ఉంటే భద్రత ఎక్కువని చెప్తారు. రాత్రి వంటింట్లో మంట లేచిందనుకోండి, లోపల తాళంచెవి ఎక్కడ పెట్టామో వెతుక్కుంటూ ఉండాలా? పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి అది అసలు వద్దు. సిలిండర్ పొడవు తలుపు మందానికి తగ్గట్టు కొనాలి. ఇంచున్నర తలుపుకు రెండు వైపుల ప్లేట్లు కలుపుకుని సాధారణంగా 60 లేదా 70 మిల్లీమీటర్లది సరిపోతుంది. ప్లేటు దాటి మూడు మిల్లీమీటర్లకు మించి బయటికి పొడుచుకుని ఉంటే పట్కారుతో పట్టి విరిచేస్తారు. హ్యాండిల్, తాళం వేర్వేరు చోట్ల కొంటే హ్యాండిల్ ఇరుసు నుంచి తాళంచెవి రంధ్రం దాకా ఉన్న దూరం రెండిట్లోనూ ఒకటే ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా 85 మిల్లీమీటర్లు వస్తుంది. తేడా ఉంటే ప్లేటు వేస్టు.

తాళం గుంట తొలిచే చోటు కూడా ముఖ్యం. దాన్ని ఉంచే నిలువు చట్టం నాలుగు ఇంచులకు తగ్గకూడదు. అడ్డ చట్టం కొస నిలువు చట్టంలోకి దూరే చోట గుంట తొలిస్తే ఆ కొస తెగి తలుపే బలహీనమవుతుంది. కాస్త పైకో కిందికో జరపాలి. తాళం నాలుక వచ్చి కూర్చునే దర్వాజ వైపు ప్లేటును ఎవరూ లెక్క చేయరు. నేను చూసిన దొంగతనాల్లో తాళం పగిలింది తక్కువ, ఆ ప్లేటు దగ్గర దర్వాజ చీలింది ఎక్కువ. మూడు ఇంచుల స్క్రూలు పట్టే మందపాటి ప్లేటు అడిగి తీసుకోండి. ఖర్చు కొంచెమే, ఇంటికి బలం అదే.

వేలిముద్ర తాళం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. అది చెడ్డది అని నేను అనను. కరెంటు పోయినా పని చేస్తుంది, చాలావాటికి నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తారు, అయిపోయే ముందు శబ్దం చేసి చెప్తుంది. మీ నాన్న రేషన్ షాపులో వేలు పెట్టినప్పుడు ఎన్నిసార్లు పడుతుందో అడగండి. వ్యవసాయం చేసి గీతలు అరిగిపోయిన వేళ్లకు అక్కడ పడనిది, ఇంటి గుమ్మం దగ్గర మాత్రం పడుతుందా? పాలు పిండి వచ్చిన తడి చెయ్యికి కూడా అంతే. నంబరు నొక్కి తీయొచ్చు గానీ, ఆ నంబరు గుర్తుపెట్టుకోవడం వాళ్లకు ఇంకో బరువు. మీ ముఖద్వారం పడమర వైపు అని రాశారు. మే నెలలో 44 డిగ్రీల ఎండ మధ్యాహ్నం నుంచి మాపటి దాకా తలుపు మీదనే ఉంటుంది, సెల్లులకు, లోపలి సర్క్యూటుకు అది మంచిది కాదు. ఇప్పుడు మంచి మోర్టైస్ తాళం పెట్టుకోండి. తర్వాత సరదా ఉంటే వరండా నీడ పడేటట్టు చేసుకుని, మామూలు తాళంచెవి కూడా ఉన్న డిజిటల్ తాళం కొనుక్కోండి. అప్పుడు కూడా ఆ తాళంచెవిని ఇంట్లో బీరువాలో దాచకండి, పక్కింటి నమ్మకస్తుల దగ్గర ఉంచండి.

పడమర ఎండ వల్లే ముఖద్వారానికి నల్ల హ్యాండిల్ వద్దంటున్నాను, మధ్యాహ్నం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. గాజులు, తాళంచెవుల గుత్తి రాసుకునే చోట నల్ల రంగు లేచిపోతుంది కూడా. బంగారు రంగు కావాలనుకుంటే పీవీడీ పూత (లోహపు ఆవిరితో గట్టిగా పట్టించే పూత) ఉన్నది మామూలు పూతకంటే చాలాకాలం నిలుస్తుంది. మెరుపు లేని స్టీలు రంగు అయితే వేలిగుర్తులు కనిపించవు, ఉప్పు మరక పడినా తుడిస్తే పోతుంది. నేను మా ఇంటికి అదే పెట్టుకున్నాను.

పూజగదికి మాత్రం ఇత్తడి పెట్టుకోండి, అక్కడ ఇత్తడి అందం వేరు. మెరిసే ఇత్తడి సామాను మీద సాధారణంగా పారదర్శకమైన లాకర్ పూత ఉంటుంది. అమ్మ అలవాటు కొద్దీ చింతపండు పెట్టి తోమితే ఆ పూత పోయి, తర్వాత తోమిన ప్రతిసారీ త్వరగా నల్లబడుతుంది. పూత లేని ఇత్తడే అడిగి తీసుకుంటే గంటలతో పాటే తోముకోవచ్చు. రెండు రెక్కల్లో ఒకదానికి కింది గడియ కడపలోకి దిగాలి. పసుపు రాసే కడపకు రంధ్రం వేయడం చాలామంది ఇళ్లలో ఇష్టపడరు. ముందే అమ్మను అడగండి. వద్దంటే ఆ రెక్కను పై గడియతోనే ఆపి, మధ్యలో అయస్కాంతం పెట్టొచ్చు.

మీరు రాయని విషయం ఒకటి. మన ఊళ్లలో దోమలకు ముఖద్వారం బయట జాలీ తలుపు తప్పదు. మిర్యాలగూడలో ఒక ఇంట్లో నేను ఆ లెక్క మరిచిపోయి హ్యాండిల్ బిగించాను. జాలీ తలుపు వేస్తే హ్యాండిల్ దానికి తగిలి మూసుకోలేదు. చివరికి వాళ్లు ఖరీదు పెట్టి కొన్న హ్యాండిల్ మార్చాల్సి వచ్చింది, ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను. దర్వాజలో రెండు తలుపుల మధ్య సందు కొలవండి. మూడు ఇంచులకు తక్కువ ఉంటే హ్యాండిల్ ఎంత ముందుకు వస్తుందో టేపు పెట్టి చూసి కొనండి.

స్టాపర్లు ప్రతి తలుపుకూ పెట్టించండి. జూన్, జులైలో నైరుతి గాలికి తలుపు ధడేలున కొట్టుకుంటే బందుల స్క్రూలు వదులవుతాయి, పిల్లల వేళ్లు నలుగుతాయి. నేలలో రంధ్రం వేసే ముందు బాత్‌రూం పైపు ఎటు పోయిందో ప్లంబర్‌ను అడగాలి. గోడకు పెట్టే అయస్కాంతం స్టాపర్ అయితే ఆ బాధ ఉండదు.

బడ్జెట్ సంగతి. 30 వేలలో సగం ముఖద్వారానికే పెట్టండి: బందులు, మోర్టైస్ తాళం, ప్లేటు, గడియ. తర్వాత బాత్‌రూములు. మిగిలిన దాంట్లో బెడ్‌రూములు, పూజగది, స్టాపర్లు. డబ్బు తగ్గితే బెడ్‌రూముల తాళాలు ఆపి, ఇప్పటికి హ్యాండిల్, గడియతో నడిపించొచ్చు. గుంట తొలవకుండా ఉంచితే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

కొత్త సిలిండర్ డబ్బాను గృహప్రవేశం దాకా విప్పకండి. పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు తిరిగే రోజుల్లో చౌక తాళం కప్ప ఒకటి వాడండి. పాలిష్ అయ్యాకే హ్యాండిళ్లు బిగించాలి, ముందే బిగిస్తే వాటి చుట్టూ పాలిష్ మరకలు పడతాయి. తాళం బిగించిన రోజు డబ్బాలో ఎన్ని తాళంచెవులు వచ్చాయో మీరే లెక్కపెట్టి తీసుకోండి. ఒక్కటి కూడా పని చేసినవాళ్ల దగ్గర ఉండకూడదు, నాలాంటి వడ్లాయన దగ్గరైనా సరే.

కొనడానికి వెళ్లే రోజు అమ్మను కూడా నల్లగొండకు తీసుకురండి. షాపులో కుర్చీ వేయించి నాలుగైదు హ్యాండిళ్లు ఆమె ముందు పెట్టించండి. ఏది నొక్కితే చెయ్యి నొప్పి లేకుండా దిగుతుందో ఆమే చెప్తుంది. ఆలోపు మీ ముఖద్వారం మందం, నిలువు చట్టం వెడల్పు, జాలీ తలుపుకు వదిలిన సందు, ఈ మూడూ మిల్లీమీటర్లలో కొలిచి ఇక్కడ రాయండి. లోపల నిలబడి చూస్తే బందులు ఎడమ చేతి వైపా, కుడి చేతి వైపా అనేది కూడా రాస్తే ఏ సైజు తాళం, ఏ సిలిండర్ తీసుకోవాలో చెప్తాను.